టీనా బ్రూక్స్ కోసం టోక్యో దాకా

పాత జాజ్ రికార్డులు పోగేసేవాళ్లు మొదటి ప్రెస్సింగ్, అంటే మొట్టమొదట నొక్కిన ప్రతి, అనగానే న్యూయార్క్ వైపు చూస్తారు. నాకు కావాల్సిన రికార్డు మాత్రం అమెరికాలో తయారై, ఇరవై రెండేళ్లు అల్మారాలో మగ్గి, చివరికి టోక్యోలో బయటికొచ్చింది. అందుకే సెలవు దొరగ్గానే అటే టికెట్ తీసుకున్నాను. ఇంట్లోవాళ్లకు ఫ్యూజీ కొండ చూడ్డానికి వెళ్తున్నానని చెప్పాను. విమానం కిటికీలోంచి కనబడింది కాబట్టి అది అబద్ధం కాకుండా పోయింది.

ఆ రికార్డు పేరు ‘మైనర్ మూవ్’. 1958 మార్చి 16న న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌లో, రికార్డింగ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ తన తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో పెట్టుకున్న స్టూడియోలో దాన్ని టేపు చేశారు. టెనార్ శాక్సోఫోన్ టీనా బ్రూక్స్‌ది. ట్రంపెట్ లీ మోర్గాన్, పియానో సోనీ క్లార్క్, బేస్ డగ్ వాట్కిన్స్, డ్రమ్స్ ఆర్ట్ బ్లేకీ. ఇంతటి జట్టు వాయించినా, చేయించిన న్యూయార్క్ జాజ్ రికార్డుల కంపెనీ బ్లూ నోట్ ఆ టేపును బయటికి తేలేదు. బ్రూక్స్ బతికుండగా అతని పేరు మీద వచ్చిన ఎల్‌పీ ఒక్కటే, ‘ట్రూ బ్లూ’. ‘బ్యాక్ టు ద ట్రాక్స్’ అనే ఇంకోదానికి 4052 అని కేటలాగ్ నంబరు కూడా ఇచ్చి ఆపేశారు. 1974లో, 42 ఏళ్లకే అతను పోయాడు. మరుసటి ఏడాది మైకేల్ కస్కూనా అనే నిర్మాత బ్లూ నోట్ టేపుల గోదాంలోకి అడుగుపెట్టి, విడుదల కాని సెషన్లన్నీ ఒక్కొక్కటే తవ్వి తీయడం మొదలుపెట్టాడు. అలా తవ్వగా బయటపడ్డవాటిలో కొన్ని నేరుగా జపాన్ వెళ్లాయి. అప్పట్లో అక్కడ బ్లూ నోట్ హక్కులున్న కింగ్ రికార్డ్స్ వాళ్లు ‘మైనర్ మూవ్’ను 1980లో విడుదల చేశారు.

కాబట్టి దీనికి అమెరికా ఒరిజినల్ అంటూ లేదు. జపాన్‌వాళ్లు వేసిందే ఒరిజినల్. ఒరిజినల్ తప్ప ముట్టుకోనని పట్టుబట్టే మిత్రులతో ఈ మాట అంటే కాసేపు మాట్లాడరు.

టోక్యోలో రికార్డుల కోసం తిరగాలంటే చువో లైన్ రైలు ఒక్కటి తెలిస్తే సగం పని అయిపోయినట్టే. షింజుకు, యొత్సుయా, ఓచనోమిజు మూడూ దాని మీదే ఉన్నాయి. నేను ముందు ఓచనోమిజులో దిగాను. స్టేషన్ పక్కనే కందా నది, ఎదురుగా దిగే రోడ్డంతా గిటార్ దుకాణాలు, ఇంకా కిందికి నడిస్తే జింబోచో పాత పుస్తకాల వీధులు. ఒక్క జాజ్‌కే పెట్టిన డిస్క్ యూనియన్ షాపు ఈ పేటలోనే ఉంది.

లోపల చాలామంది ఉన్నా మాట వినబడదు. ప్లాస్టిక్ కవర్లు ఒకదాని మీద ఒకటి వాలే చప్పుడు తప్ప ఏమీ లేదు. అందరూ ముందు కొత్తగా వచ్చినవాటి అర దగ్గరికే పోతారు. వేలి కొసలతో చకచకా తిప్పుతారు, కవరు అంచు పట్టుకుని పైకి లాగరు. కొత్తవాళ్లకు ఒక జాగ్రత్త చెప్పాలి. అక్కడి ప్లాస్టిక్ కవర్లకు జిగురు అంటించిన మూత ఉంటుంది. దాన్ని పూర్తిగా వెనక్కి మడవకుండా రికార్డు బయటికి లాగితే ఆ జిగురు అట్ట కవరుకు పట్టుకుంటుంది. అరవై ఏళ్లు చెక్కుచెదరని అట్ట ఒక్క క్షణంలో చిరుగుతుంది. నా పక్కనున్న పెద్దాయన ప్రతిసారీ ఆ మూతను వెనక్కి మడిచి, బొటనవేలితో ఒకసారి నొక్కి, అప్పుడే రికార్డు తీస్తున్నాడు.

గోడ మీద ఖరీదైనవి వేలాడుతున్నాయి. వాటిలో సోనీ క్లార్క్ ‘కూల్ స్ట్రట్టిన్’ ఉంది. హైహీల్స్ వేసుకుని పేవ్‌మెంట్ మీద నడుస్తున్న కాళ్ల ఫొటో. ధరలో ఆరంకెలు. కొనే ఉద్దేశం లేకపోయినా చూస్తానని అడిగాను. కౌంటర్ అబ్బాయి ఏమీ అనుకోకుండా కిందికి దించి, ల్యాంపు కింద పెట్టాడు.

బ్లూ నోట్ ఒరిజినల్‌ని చదవడం ఒక సరదా. ముందు లేబుల్, అంటే డిస్కు మధ్య గుండ్రటి కాగితం, మీద అడ్రసు చూస్తారు. కంపెనీ లెక్సింగ్టన్ అవెన్యూలో ఉన్నప్పటి లేబుల్ వేరు, 1957లో 47 వెస్ట్ 63వ వీధికి మారాక వచ్చింది వేరు. ఆ తర్వాత వీధి పేరు పోయి ‘న్యూయార్క్ యూఎస్ఏ’ మిగిలింది. 1966 నుంచి లిబర్టీ కంపెనీ పేరు ఎక్కింది. లేబుల్ చుట్టూ లోతుగా నొక్కిన వలయం ఉందా అని వేలితో తడుముతారు గానీ, దాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు. పాత అచ్చులు, మిగిలిపోయిన పాత లేబుళ్లు తర్వాత ప్రెస్సింగుల్లో కూడా వాడేశారు. అసలు సంగతి పాట అయిపోయాక లేబుల్‌కు ముందు మిగిలే నున్నటి జాగాలో ఉంటుంది. అక్కడ గాడి కోసిన వాన్ గెల్డర్ గుర్తు, పక్కన చెవి ఆకారంలో చిన్న గీత ఉంటే, అప్పట్లో బ్లూ నోట్ రికార్డులు నొక్కిన ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీలో నొక్కిందని అర్థం. నిజానికి అది ‘పి’ అక్షరమే, చేతిరాతలో చెవిలా కనిపిస్తుంది. నేను చూసిన ప్రతిలో గుర్తు ఉంది, చెవి ఉంది. డిస్కును కొంచెం వాల్చి వెలుతురుకు పట్టుకుంటే గాని ఆ చెవి కనబడలేదు. థాంక్యూ చెప్పి ఇచ్చేశాను.

ఇదే ‘కూల్ స్ట్రట్టిన్’ 1958లో అమెరికాలో పెద్దగా అమ్ముడుపోలేదు. క్లార్క్ 1963 జనవరిలో, 31 ఏళ్లకే చనిపోయాడు. జపాన్‌లో మాత్రం ఇది ఇంటింటి జాజ్ రికార్డు. ఎందుకో అర్థం కావాలంటే యొత్సుయాలో దిగాలి.

అక్కడ ఈగిల్ అనే జాజ్ కిస్సా ఉంది, 1967 నుంచి నడుస్తోంది. కిస్సా అంటే కాఫీ తాగుతూ రికార్డులు వినే చోటు. 1961 జనవరిలో ఆర్ట్ బ్లేకీ బృందం జపాన్ వచ్చి వెళ్లాక జాజ్ పిచ్చి ఊపందుకుంది. కానీ దిగుమతి ఎల్‌పీ మామూలు జీతగాడికి అందే ధరలో లేదు. ఒక కాఫీ డబ్బులతో గంటలకొద్దీ మంచి స్పీకర్ల మీద వినే అవకాశం ఈ కిస్సాలే ఇచ్చాయి. ఏ రికార్డు వేయాలో యజమానే నిర్ణయిస్తాడు. ఆ యజమానులు పదేపదే వేసినవే దేశంలో క్లాసిక్కులు అయ్యాయి. అమెరికాలో మర్చిపోయిన సోనీ క్లార్క్ ఇక్కడ బతికింది అలాగే.

ఈగిల్ మెట్లు దిగి లోపలికి వెళ్తే పగటిపూట మాట్లాడకూడదు. మనలాంటివాళ్లకు ఇది కాస్త కష్టమే. ఒక ఎల్‌పీ ఒక వైపు పూర్తిగా వేస్తారు, ఆ కవరు అందరికీ కనబడేలా నిలబెడతారు. తర్వాత ఇంకో రికార్డు. నేనున్నంతసేపు బ్లూ నోట్ రికార్డు ఒకే ఒక్కటి వచ్చింది, మిగతావన్నీ నాకు తెలియనివి. ఫోన్లో పేర్లు రాసుకుంటూ కూర్చున్నాను. ఎదుటి టేబుల్ ఆయన కళ్లు మూసుకుని వింటున్నాడో నిద్రపోతున్నాడో తేలలేదు. కానీ రికార్డు మారగానే కళ్లు తెరిచి కవరు చూశాడు.

అసలు వేట జపాన్ ప్రెస్సింగుల అరల్లో జరిగింది. గోడ మీదవాటి ముందు నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్లు ఈ అరల దగ్గరికి రారు. కింగ్ వాళ్లవి, తోషిబా వాళ్లవి వరసగా ఉంటాయి. చాలావాటికి వెన్నుకు చుట్టిన కాగితపు పట్టీ, అంటే ఒబి, ఇంకా ఉంటుంది. జపనీస్ రాకపోయినా ఇబ్బంది లేదు, అట్ట మూల నంబరు చూస్తే చాలు. నాకు కావాల్సింది ‘జీఎక్స్‌ఎఫ్’తో మొదలవ్వాలి. బ్లూ నోట్ ముందెప్పుడూ విడుదల చేయని సెషన్లకు కింగ్ వాళ్లు ఈ వరస వాడారు.

వీటిలో వాన్ గెల్డర్ గుర్తు వెతకడం వృథా. అమెరికా నుంచి వచ్చిన టేపు నుంచి జపాన్ ఇంజనీర్లే స్వయంగా గాడి కోసుకున్నారు. ఆ పనితనం మీద ఎన్ని వాదనలున్నా ఒక్క విషయంలో అందరూ ఒప్పుకుంటారు. వాళ్ల వినైల్ నిశ్శబ్దంగా ఉంటుంది. పాట మొదలయ్యే ముందు చిటపటలుండవు.

ఇక్కడే ఇంకో మాట. రీఇష్యూ, అంటే పాత రికార్డును మళ్లీ వేసింది, అనగానే మొహం చిట్లించేవాళ్లను నేను పూర్తిగా తప్పుపట్టను. యూరప్‌లో రికార్డింగుల మీద హక్కు ఒకప్పుడు 50 ఏళ్లే. తర్వాత 70కి పెంచారు గానీ, అప్పటికే గడువు దాటినవి మళ్లీ హక్కుల్లోకి రాలేదు. దాంతో 1962 దాకా విడుదలైన అమెరికన్ జాజ్‌ని అక్కడ ఎవరైనా వేసుకోవచ్చు. ‘180 గ్రాములు’ అని బంగారు రంగు స్టిక్కర్ అంటించి, లోపల సీడీ నుంచి ఎక్కించిన ధ్వని అమ్మేవాళ్లు తయారయ్యారు. అలాంటిదొకటి నా దగ్గరా ఉంది. డిస్కు బరువు చూసి మోసపోకూడదు. ఏ టేపు నుంచి తీశారు, ఎవరు కోశారు, ఈ రెండూ రాసి లేని రీఇష్యూకి నేను డబ్బు పెట్టను.

‘మైనర్ మూవ్’ మొదట కనబడింది ఇంటర్నెట్‌లో. ఊరికి పడమటి వైపు ఒక చిన్న షాపు దాన్ని లిస్టులో పెట్టింది. ఇరుకు మెట్లెక్కి మూడో అంతస్తుకు చేరితే, అది నిన్ననే పోయిందని ఓనరు చేతులు జోడించాడు. లిస్టు మార్చలేదట. ఆయన మొహం చూస్తే కోపం కూడా రాలేదు. కాకపోతే ఆ మెట్లు దిగుతున్నప్పుడు టెన్షన్ మొదలైంది, చేతిలో ఉన్న రోజులు అయిపోతున్నాయి.

చివరికి రెండు ప్రతులు ఒకేరోజు దొరికాయి. ఓచనోమిజులో ఒకటి, ఒబితో సహా, దాదాపు కొత్తది. షింజుకులో ఇంకోటి, ఒబి లేదు, అట్ట మూల కొంచెం నలిగింది, ధర సగానికి దగ్గర. షింజుకు ప్రతిని కౌంటర్ దగ్గర ల్యాంపు కింద చూశాను. గాడుల్లో గీతలు లేవు. మధ్య రంధ్రం చుట్టూ మాత్రం సన్నటి వెంట్రుకల్లాంటి తెల్లటి జాడలు ఉన్నాయి. చూడకుండా డిస్కు పెట్టేటప్పుడు టర్న్‌టేబుల్ ఇరుసు రాసుకుంటే పడేవి అవి. అంటే ఎవరో దీన్ని చాలాసార్లు విన్నారు, గాడిని మాత్రం జాగ్రత్తగా చూసుకున్నారు. హెడ్‌ఫోన్ పెట్టి రెండు నిమిషాలు వినిపించారు. మొదటి పాట ‘నట్‌విల్’. బ్లేకీ డ్రమ్ రోల్ మీద మోర్గాన్ లేచేసరికి ఇక బేరీజు వేయాల్సిన పని లేకపోయింది. నాలుగు వేల యెన్లకు కాస్త పైన. 

ఒబి ఉన్నదాన్ని ఎందుకు వదిలేశావని తర్వాత చాలామంది అడిగారు. ఆ కాగితపు పట్టీ ఖరీదుతో అదే అరలోంచి సోనీ క్లార్క్ ‘మై కన్సెప్షన్’ వచ్చింది. 1959 సెషన్, అదీ మొదట జపాన్‌లోనే, 1979లో వెలుగు చూసింది. హ్యాంక్ మోబ్లీ ‘పాపిన్’ కూడా తెచ్చుకుందామనుకున్నాను. 1957లో టేపు చేసి 1980లో జపాన్‌లో వేసిన ఆ రికార్డు ఎక్కడా కనబడలేదు.

తిరుగు ప్రయాణంలో రికార్డులు చేతి సంచిలోనే. చెక్-ఇన్ సామానులో ఎల్‌పీలు వేయడం నావల్ల కాదు. రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, డిస్కును అట్ట కవరులోంచి తీసి విడిగా, పక్కనే పెట్టాలి. లేకపోతే కుదుపులకు డిస్కు అంచు కవరు అతుకును కోసేస్తుంది.

ఇంటికొచ్చాక దాన్ని 2019లో బ్లూ నోట్ వాళ్ల టోన్ పోయెట్ అనే వరసలో వచ్చిన రీఇష్యూ పక్కన పెట్టి విన్నాను. ఇది జో హార్లీ పర్యవేక్షణలో, కెవిన్ గ్రే అనే ఇంజనీర్ ఒరిజినల్ మాస్టర్ టేపు నుంచి కోసిన ప్రెస్సింగ్. నున్నటి జాగాలో గ్రే పొడి అక్షరాలు ఉంటాయి. నిజం చెప్పాలంటే ఇదే బాగుంది. వాట్కిన్స్ బేస్‌కి బరువుంది, బ్రూక్స్ శాక్సోఫోన్ ఊపిరి దగ్గరగా వినబడుతుంది. కింగ్ ప్రతిలో డ్రమ్స్ సింబల్స్ ముందుకొస్తాయి, బేస్ కొంచెం వెనక్కి పోతుంది. వినడానికి టోన్ పోయెట్ తీస్తున్నాను. కింగ్‌ది అమ్మను, ఎవరైనా అడిగినా సరే.

ఇక మిగిలింది ‘బ్యాక్ టు ద ట్రాక్స్’. కస్కూనా, చార్లీ లూరీ కలిసి పెట్టిన మొజాయిక్ కంపెనీ 1985లో బ్రూక్స్ సెషన్లన్నీ నాలుగు ఎల్‌పీల పెట్టెగా చేసి, షాపులకు ఇవ్వకుండా పోస్టులో అమ్మింది. టోక్యోలో ఒక పెట్టె చేతిలోకి తీసుకుని చూశాను, డిస్కులు బాగానే ఉన్నాయి, లోపల ఉండాల్సిన పుస్తకం లేదు. సెషన్ ఫొటోలు, ఎవరు ఏ రోజు వాయించారో వివరాలు అన్నీ ఆ పుస్తకంలోనే ఉంటాయి. పుస్తకం లేని మొజాయిక్ పెట్టె నేను కొనను, ఎంత తగ్గించినా సరే. ఇంకా వెతుకుతున్నాను.