మూడో చోట దొరికిన తెలుగు

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లోని వ్యసన చికిత్స విభాగంలో డాక్టరుగారు నాకు, ఏళ్ల తరబడి తాగినవారు ఉన్నపళంగా మానేస్తే వణుకు, మూర్ఛ వంటి ప్రమాదాలు రావచ్చు కనుక ముందు మందులు వాడాలనీ, ఆ తరువాత ఇంటికి దగ్గరలో ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశం ఒకటి చూసుకోవాలనీ చెప్పారు. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో, ఇద్దరు తాగుడు బాధితులు ఒకరికొకరు ఆసరాగా నిలవడంతో మొదలైన ఈ బృందంలో రుసుము లేదు, ఇంటిపేరు అడగరు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత.

బెంగళూరులో వెతుక్కోవడమే నాకు కష్టమైంది. మొదటిచోట వేళ మారిపోయి తలుపు మూసి ఉంది. రెండోచోట అందరూ తమిళంలో మాట్లాడారు. మూడోది ఒక చర్చి వెనుక గది. అక్కడ కన్నడం, ఇంగ్లీషు కలిసి నడుస్తున్నా, నా వంతు వచ్చేసరికి నోట తెలుగే వచ్చింది. (సిగ్గుతో చితికిన మనిషికి అమ్మభాష తప్ప మరొకటి పలకదనుకుంటాను.) వెనుక వరుసలో కూర్చున్న అనంతపురం పెద్దాయన, "చెప్పు నాయనా, నాకర్థమవుతాది" అన్నారు. ఆయన పేరు ఇక్కడ రాయను, అది అక్కడి నియమం.

బయటివారిని కూడా రానిచ్చే ఓపెన్ సమావేశానికి వచ్చే ఆదివారం నా భార్య వస్తానంది. తాగుడు బాధితుల కుటుంబాలకు విడిగా అల్-అనాన్ అనే బృందం ఉందని ఆమెకు చెప్పాను; ముందు ఆ గది చూస్తానంది.