ఎంఎస్ మందు, మూలికల సీసా, ఒక అబద్ధం: నా అనుభవం

నిన్ననే లివర్ రిపోర్ట్ నార్మల్ అని వచ్చింది. మనసు కాస్త కుదుటపడింది కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్). నరాల మీదుండే మైలిన్ పొర మీద మన ఒంటి రక్షణ వ్యవస్థే దాడి చేస్తుంది. ఎంఆర్ఐ, వెన్ను నీరు తీయడం అన్నీ సాఫీగానే అయిపోయాయి. రోజుకో టెరిఫ్లునమైడ్ మాత్ర, మొదటి 6 నెలలు నెలనెలా లివర్ టెస్ట్ అన్నారు.

కుడికాలి తిమ్మిరి మాత్రం తగ్గలేదు. ఈ మందు కొత్త దాడులను తగ్గిస్తుందే తప్ప ఉన్న తిమ్మిరిని పోగొట్టదని ఎవరూ విడమరచి చెప్పలేదు, ఆ కోపం ఇప్పటికీ ఉంది. అప్పుడే పిన్ని రెండు సీసాలు తెచ్చిచ్చింది, ఒకటి అశ్వగంధ సారం, ఇంకోటి మిరియాల సారం కలిపిన కర్క్యుమిన్, అంటే పసుపు సారం. "మూలికలే కదే, ఏం చేస్తాయి" అంది. వేసుకున్నాను.

మూడో నెల టెస్టులో, లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్ అయిన ఏఎల్‌టీ ఉండాల్సిన దానికి నాలుగింతలు. "ఇంకేమైనా వాడుతున్నారా?" అని డాక్టర్ అడిగితే లేదన్నాను. మళ్ళీ అడిగారు, మళ్ళీ లేదన్నాను. మొదటిసారి వెళ్ళినప్పుడు మూలికల మాట ఎత్తగానే "ఆ చెత్త నా దగ్గర మాట్లాడకండి" అన్నది ఆయనే మరి. పాత రిపోర్ట్ కోసం బ్యాగులో చెయ్యి పెడితే అశ్వగంధ సీసా జారి బల్ల మీద దొర్లింది. గదిలో ఇద్దరు జూనియర్లు ఉన్నారు. ఆయన సీసా తీసి లేబుల్ పైకి చదివి, వాళ్ళవైపు తిరిగి "పేషెంట్ మాట నమ్మితే ఇలాగే ఉంటుంది" అన్నారు. నా వంక చూడనైనా లేదు. చెవులు భగ్గుమన్నాయి, కళ్ళలో నీళ్ళు ఆగలేదు, లేచి వచ్చేద్దామంటే కాలు తిమ్మిరి.

అన్నీ ఆపేశారు. టెరిఫ్లునమైడ్ ఒంట్లో నెలల తరబడి ఉండిపోతుందట, దాన్ని బయటికి పంపడానికి 11 రోజులు రోజుకు మూడుసార్లు కొలెస్టిరమైన్ పొడి నీళ్ళలో కలుపుకుని తాగాను. ఇసుక మింగినట్టే ఉండేది. అశ్వగంధ, పసుపు సారం రెండింటితోనూ లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి, టెరిఫ్లునమైడ్‌తోనూ ఉన్నాయి. నా విషయంలో ఏది చేసిందో ఇక తేలదు. దాచకపోయుంటే ఆ సీసాలే ముందు ఆపి చూసేవారు, మందు చేజారకపోయేదేమో.

మూలికలను తీసిపారేయడం లేదు. 2010లో అనుమతి వచ్చిన ఎంఎస్ మందు ఫింగోలిమోడ్ కూడా చైనా సంప్రదాయ వైద్యంలో వాడే ఒక ఫంగస్‌లోని పదార్థాన్ని మార్చి చేసిందే. కర్క్యుమిన్ ఎలుకల్లో ఎంఎస్ లాంటి జబ్బును తగ్గించిన మాటా నిజమే, కానీ ఆ ఎలుకలు టెరిఫ్లునమైడ్ వేసుకోవు కదా! జింకో అనే చెట్టు ఆకుల సారాన్నైతే మనుషుల మీదే పరీక్షించారు. ఎంఎస్ ఉన్నవాళ్ళకు 12 వారాలు ఇచ్చి చూస్తే జ్ఞాపకశక్తి ఏమీ మెరుగుపడలేదని 2012లో తేలింది.

మీ దగ్గర సీసా ఉంటే సీసాతో సహా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టండి, ఏ తేదీన మొదలుపెట్టారో రాసుకెళ్ళండి. అరిచే డాక్టరైతే డాక్టర్ని మార్చండి. నేను మార్చాను. కొత్తావిడ రెండు సీసాలూ చేతిలోకి తీసుకుని, ఒక్కో దానిలో ఏముందో చదివి ఫైల్లో రాసుకుని, "తిమ్మిరి రాత్రిళ్ళు ఎక్కువా?" అని అడిగారు. వచ్చే వారం కొత్త మందు మొదలు.