పొద్దున చూద్దాంలే నాన్నా

నా గుండె రక్తనాళంలో స్టెంట్ (నాళం మూసుకుపోకుండా ఉంచే సన్నని గొట్టం) వేసి ఏడాది దాటింది. మొన్న చెకప్‌లో డాక్టర్ గారు ఎకో (గుండె స్కాన్) చూసి, రక్తం గడ్డకట్టకుండా వాడుతున్న రెండు మాత్రల్లో ఒకటి ఆపేద్దామన్నారు. ఆ మాట విన్నాకే ఇది రాయడానికి కూర్చోగలిగాను. రాయాలనుకున్నదాంట్లో నా గుండె జబ్బు సగమే. మిగతా సగం మా నాన్న గురించి, పదేళ్లు ఎవరికీ చెప్పకుండా దాచుకున్న ఒక మాట గురించి.

ఆ రాత్రి పదకొండు దాటింది. నేను పడుకుని అరగంట అయి ఉంటుంది. నాన్న తలుపు దగ్గరకొచ్చి నిలబడి, "అమ్మాయీ, ఛాతీలో ఏదో పట్టేసినట్టుందమ్మా" అన్నారు. లేచి గ్యాస్ మాత్ర ఇచ్చాను. నమిలే మాత్ర, గులాబీ రంగుది. ఆయన దాన్ని వెంటనే నోట్లో వేసుకోలేదు. అరచేతిలో పెట్టుకుని చూస్తూ, "ఒకసారి హాస్పిటల్‌కి వెళ్దామా?" అన్నారు. కూతుర్ని ఇబ్బంది పెడుతున్నానేమో అన్న మొహమాటం ఆ గొంతులో ఉంది. "పొద్దున చూద్దాంలే నాన్నా" అన్నాను. సరేనని తలూపి వెళ్లిపోయారు. నాలుగింటికి అమ్మ కేక విని లేచాం.

హాస్పిటల్‌కి తీసుకెళ్లేసరికే అయిపోయింది. వరండాలో ఒక డ్యూటీ డాక్టర్ మా వైపు సరిగ్గా చూడను కూడా చూడకుండా, "రాత్రే తెచ్చుంటే మనిషి దక్కేవాడు" అనేసి వెళ్లిపోయాడు. ఆ రోజంతా అలాంటి చావులు ఎన్ని చూశాడో, ఎంత అలసిపోయి ఉన్నాడో నాకు తెలియదు. ఇప్పుడైతే అలా ఆలోచించగలుగుతున్నాను. అప్పుడు మాత్రం అది నాకు తీర్పులా వినిపించింది. పదేళ్లలో ఆ మాట వినపడకుండా నిద్రపోయిన రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అందరూ ఓదార్చారు. "నీ తప్పేముంది, నువ్వేమైనా డాక్టర్‌వా?" అన్నారు. ప్రేమతోనే అన్నారు. ఆ ఓదార్పు లోపలికి దిగేది కాదు. ఎందుకంటే వాళ్లకి నేను చెప్పింది సగం కథ. పుట్టినప్పటి నుంచి చర్చి సంఘంలో పెరిగిన దాన్ని. ఆదివారం పిల్లలకు వాక్యం చెప్పేదాన్ని, యేసు రక్తం ప్రతి పాపాన్నీ కడుగుతుందని వాళ్లతో వల్లె వేయించేదాన్ని. యేసు మరణాన్ని తలుచుకుంటూ రొట్టె పంచుకునే ప్రభువు బల్ల దగ్గర, రొట్టె కోసం చేయి చాపినప్పుడు మాత్రం, అరచేతిలో ఆ గులాబీ మాత్ర కనిపించేది.

నాకు నొప్పి వచ్చింది కూడా రాత్రి పదకొండుకే. ఛాతీలో పెద్దగా లేదు. కింది దవడ లాగేస్తోంది, వీపు పైభాగంలో, రెండు రెక్కల మధ్య ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టు ఉంది. ఫ్యాన్ కిందే ఉన్నా జాకెట్ తడిసిపోయేంత చెమట. ఆడవాళ్లలో గుండెపోటు కొన్నిసార్లు ఇలా దవడ నొప్పి, వీపు నొప్పి, వికారం, విపరీతమైన నీరసం రూపంలోనూ వస్తుంది. ఆ రాత్రి ఆ సంగతి నాకు తెలియకపోలేదు. నాన్న పోయాక గుండె గురించి దొరికిందల్లా చదివాను. ఇది గ్యాస్ కాదని పావుగంటలోనే అర్థమైంది.

అయినా మా ఆయన్ని లేపలేదు. వంటగదిలోకి వెళ్లి, లైటు వేయకుండా, నేల మీద కూర్చున్నాను. డబ్బాలోంచి గ్యాస్ మాత్ర తీసి నమిలాను. నాన్నకిచ్చినలాంటిదే. సుద్ద నమిలినట్టుంది. నాన్న కూడా చీకట్లో ఇలాగే నమిలి ఉంటారనిపించింది. ఇప్పుడు రాస్తుంటే చేయి వణుకుతోంది గానీ నిజం చెప్పాలి. ఆ గంటల్లో నా మనసులో ఒకటే నడిచింది: నాన్నకు దొరకని డాక్టరు నాకెందుకు దొరకాలి? నేను చావాలని కోరుకోలేదు. బతకమని అడిగే హక్కు నాకు లేదనుకున్నాను. ప్రార్థన చేద్దామంటే నోరు రాలేదు. పన్నెండయింది, ఒకటయింది, ఫ్రిజ్ ఆగినప్పుడల్లా ఇల్లంతా నిశ్శబ్దమైపోయేది, ఆ నిశ్శబ్దంలో నా గుండె లయ తప్పి కొట్టుకోవడం చెవుల్లో వినిపించేది. అపరాధ భావం మనిషిని కుంగదీస్తుందని అంటారు. నా విషయంలో అది నన్ను నేల మీద కూర్చోబెట్టి, ఫోన్ అందేంత దూరంలో ఉన్నా ముట్టుకోనివ్వలేదు.

రెండున్నరకి మా ఆయన నీళ్ల కోసం వచ్చి నన్ను చూశారు. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆ మనిషికి నేను పడిన రుణం ఈ జన్మకి తీరదు.

తర్వాతివి గబగబా చెప్పేస్తాను. మొదటి ఈసీజీలో స్పష్టంగా ఏమీ తేలలేదు. కాసేపాగి తీసిన రెండోదాంట్లో తేలింది. మణికట్టు దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి యాంజియోగ్రామ్ చేశారు, మూసుకుపోయిన చోట స్టెంట్ పెట్టారు. ట్రాలీ మీద తోసుకెళ్తుంటే ఒక కుర్ర డాక్టర్, "చదువుకున్నవాళ్లు, ఇంత ఆలస్యం ఎలా చేశారండీ? రాత్రే వచ్చుంటే..." అన్నాడు. మళ్లీ అదే మాట! కోపం కూడా రాలేదు నాకు. కళ్లు మూసుకున్నాను. వచ్చినప్పటి నుంచి నా పక్కనే ఉన్న నర్సమ్మ ఆ మాట విని, "ఇప్పుడు వచ్చారు కదండీ, అది చాలు" అంది. ఆమె పేరు కూడా అడగలేదు. రోజూ ప్రార్థనలో 'ఆ నర్సమ్మ' అనే తలుచుకుంటాను.

ఇంటికొచ్చిన వారానికి సంఘంలో ఒక పెద్దామె చూడటానికొచ్చారు. ప్రార్థన చేసి, వెళ్తూ వెళ్తూ, "ఒప్పుకోని పాపం ఏదో ఉండి ఉంటుందమ్మా, అందుకే దేవుడు గుండె మీద కొట్టాడు" అన్నారు. అప్పుడొచ్చింది కోపం. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి, ఎవరు పాపం చేశారు, వీడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి కన్నవాళ్లూ కాదు అని యేసు చెప్పారు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉంది. సిలోయము అనే చోట గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులు కారని కూడా ఆయనే చెప్పారు. మంచం మీదున్న మనిషి దగ్గరికి వెళ్లేవాళ్లు ఈ రెండూ చదువుకుని వెళ్లాలి. నా రక్తనాళం మూసుకుపోయింది కొవ్వు పేరుకున్న చోట రక్తం గడ్డకట్టి. మా నాన్నకున్న జబ్బే నాకూ వచ్చింది, బీపీ మాత్రలు సరిగ్గా వేసుకోలేదు. దేవుడు కొట్టలేదు.

అయితే ఆ పెద్దామె మాటలో సగం నన్ను వదల్లేదు. జబ్బు పాపం వల్ల రాలేదు, సరే. ఒప్పుకోనిది మాత్రం నాలో నిజంగానే ఉంది.

రెండో చెకప్‌లో గుండె డాక్టర్ గారిని అడిగేశాను, మా నాన్నని రాత్రే తీసుకెళ్లి ఉంటే బతికేవారా అని. ఆయన పెన్ను పక్కన పెట్టారు. "ముందే వస్తే అవకాశం పెరిగేది. అది నిజం. బతికేవారా అంటే, ఆయన్ని పరీక్షించకుండా ఏ డాక్టరూ చెప్పలేడు. అలా చెప్పినవాళ్లు తెలియని విషయం చెప్పారు" అన్నారు. గుండెపోటు వచ్చినవాళ్లలో చాలామందికి డిప్రెషన్ వస్తుందని, నిద్ర పట్టకపోయినా, బతుకు మీద ఆశ పోయినా దాచకుండా చెప్పాలని, దానికీ మందులున్నాయని అన్నారు. పదేళ్లలో ఈ విషయం మీద నాతో అబద్ధం చెప్పకుండా, అలాగని గుచ్చకుండా మాట్లాడిన మొదటి మనిషి ఆయనే.

రెండో మనిషి మా పాత పాస్టర్ గారు. రిటైరై చాలా ఏళ్లయింది. కర్ర పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. నేను ఎప్పటిలాగే కథ మొదలుపెట్టాను: ఛాతీ నొప్పి, గ్యాస్ మాత్ర, పొద్దున చూద్దాంలే. అందరిలా "నీ తప్పేం లేదమ్మా" అంటారనుకున్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "అంతేనా? ఇంకేమైనా అన్నావా?" అని అడిగారు.

అన్నాను. "పొద్దున చూద్దాంలే నాన్నా, నాకు నిద్రొస్తోంది" అన్నాను. విసుగ్గా అన్నాను. ఆయన మొహం చూడకుండా, లైటు ఆర్పేస్తూ అన్నాను.

పదేళ్లుగా నన్ను తిన్నది ఆ చివరి మాటే. నువ్వు డాక్టర్‌వా అని ఓదార్చినవాళ్లు నా తెలియనితనాన్ని క్షమించారు. తెలియనితనానికి క్షమాపణ నాకు అక్కర్లేకపోయింది. నేను ఆ క్షణంలో నాన్నకంటే నిద్రని ఎక్కువ అనుకున్నాను. అది తప్పే. దాన్ని తప్పు కాదని ఎంతమంది అన్నా, నాలో ఎవరో ఒప్పుకునేవారు కాదు.

పాస్టర్ గారు కూడా తప్పు కాదని అనలేదు. యేసు శిష్యుడు పేతురు కథ చెప్పారు. చిన్నప్పటి నుంచి విన్న కథే. యాజకుడి ఇంటి ముంగిట మంట దగ్గర చలి కాచుకుంటూ పేతురు యేసు ఎవరో తెలియదని మూడుసార్లు బొంకాడు. తర్వాత తిబెరియ సముద్రం ఒడ్డున, తిరిగి లేచిన యేసు నిప్పుల మీద చేపలు పెట్టి ఎదురుచూశారు. మన తెలుగు బైబిల్‌లో ఒకచోట మంట అని, ఇంకోచోట నిప్పులు అని ఉంటుంది. మూలమైన గ్రీకులో మాత్రం రెండుచోట్లా బొగ్గుల నిప్పు అనే ఒకే మాట ఉందట, కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట ఆ రెండు చోట్లే వస్తుందట, యోహాను 18:18లో, 21:9లో. "చూశావా అమ్మా, ప్రభువు పేతుర్ని మళ్లీ అదే వాసన దగ్గరికి తీసుకొచ్చారు. మూడుసార్లు బొంకినవాణ్ణి మూడుసార్లు అడిగారు, నన్ను ప్రేమిస్తున్నావా అని. మూడోసారికి పేతురుకి బాధ కలిగిందని రాసుంది. పరవాలేదులే అని కప్పేస్తే ఆ పుండు లోపలే ఉండిపోయేది" అన్నారు.

ఆయన వెళ్లాక వంటగదిలోకి వెళ్లాను. ఆ రాత్రి కూర్చున్న చోటే కూర్చున్నాను. పైకే అన్నాను: ప్రభువా, నాన్న నన్ను లేపితే విసుక్కున్నాను. నా నిద్ర ఎక్కువనుకున్నాను. క్షమించు. ఇంతే. పదేళ్లలో వేల ప్రార్థనలు చేశాను గానీ ఈ వాక్యం ఒక్కసారి కూడా నోటితో పలకలేదు. ఏడ్చాను. వెలుగు కనిపించలేదు, స్వరం వినిపించలేదు. క్రీస్తు యేసునందున్న వారికి ఏ శిక్షావిధియు లేదన్న రోమా 8:1 వచనం గుర్తొచ్చింది. కంఠతా వచ్చిన వచనమే, కానీ ఆ రోజు అది నా పేరు మీద వచ్చిన ఉత్తరంలా అనిపించింది. ఆ రాత్రి తెల్లారేదాకా నిద్రపోయాను.

ఒక్క రోజులో అంతా మారిపోయిందని సాక్ష్యం చెప్పలేను. ఇప్పటికీ పదకొండు గంటలకు నాన్న గుర్తొస్తారు. తలుపు దగ్గర నిలబడి ఉంటారు. తేడా ఏమిటంటే, ఇప్పుడు నేను మొహం తిప్పుకోవడం లేదు. ఆయన్ని చూస్తాను. దుఃఖం వస్తుంది, భయం రాదు. మన హృదయం మన మీద నేరం మోపినా దేవుడు మన హృదయంకంటే గొప్పవాడని యోహాను మొదటి పత్రిక 3:20లో ఉన్న మాటని పట్టుకుని నడుస్తున్నాను.

ఇది చదివేవాళ్లకి ఒక మనవి. ఛాతీలో బరువు, దవడకో చేతికో వీపుకో పాకే నొప్పి, చల్లటి చెమట, ఇవి వస్తే గ్యాస్ అని మీకు మీరే తేల్చుకోవద్దు. అంబులెన్స్ పిలవండి. హాస్పిటల్‌కి చేరిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి, అడిగి తీయించుకోండి. మొదటిది మామూలుగా ఉన్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయమనండి, గుండె కండరం దెబ్బతిందో లేదో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష కూడా కొన్ని గంటలాగి ఇంకోసారి చేయాల్సి రావచ్చు. విశ్వాసం ఉంటే మాత్రలెందుకని నాకు చెప్పినవాళ్లున్నారు. పౌలు వెంట ఉన్న లూకాను బైబిలే వైద్యుడంటుంది. స్టెంట్ వేసుకున్నవాళ్లు డాక్టర్ చెప్పకుండా ఆ మాత్రలు ఆపితే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు. దయచేసి ఎవరి మాటా విని ఆపకండి.

దేవుడి దగ్గర ఒప్పుకున్నాక తమ్ముడికి కూడా చెప్పాలనిపించింది. ఫోన్లో చెప్పాను, ఆ చివరి మాటతో సహా. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. "ఇన్నేళ్లు ఎందుకు దాచావక్కా?" అని ఫోన్ పెట్టేశాడు. రెండు నెలలు మాట్లాడలేదు. వాడికి కోపం వచ్చే హక్కుంది. దేవుడు క్షమించాడు కదా, నువ్వూ క్షమించు అని నేను వాడి మీద ఒత్తిడి తేలేదు.

మూడో నెలలో ఒక రాత్రి పడుకోబోతుంటే ఫోన్ మోగింది. "నొప్పేమైనా ఉందా అక్కా?" అన్నాడు. లేదురా అన్నాను. "మాత్రలు వేసుకున్నావా?" అన్నాడు. వేసుకున్నానన్నాను. "సరే పడుకో" అని పెట్టేశాడు. అప్పటి నుంచి దాదాపు రోజూ చేస్తున్నాడు. ఆ మూడు మాటలే. టైము చూశాను, ఎప్పుడూ పదకొండే అవుతుంది.