ఫిన్లాండ్ సౌనాలో మొదటిసారి: నా అనుభవం

ఫిన్లాండ్‌లోని టాంపెరే ఊళ్ళో ఉంటూ సౌనాని, అంటే వేడి వేడి చెక్క గదిలో కూర్చుని చేసే ఆవిరి స్నానాన్ని, ఎన్నాళ్ళని తప్పించుకుంటాం? దేశ జనాభా 55 లక్షలు, సౌనాలేమో 30 లక్షల దాకా ఉన్నాయంటారు, మా అపార్ట్‌మెంట్ కింద కూడా ఒకటుంది. ఆఫీసులో నా పక్క సీటావిడ సరస్సు ఒడ్డున ఉన్న వాళ్ళ కాటేజీకి పిలిచింది. వేడంటే భయం లేదు, రామగుండంలో పెరిగినదాన్ని. టెన్షనంతా బట్టల గురించే. మొహమాటపడకుండా అడిగేశాను. ముందు ఆడవాళ్ళం వెళ్తాం, తర్వాత మగవాళ్ళు, మేమైతే లోపల బట్టలు వేసుకోం, నువ్వు తువ్వాలు చుట్టుకో, ఎవరూ ఏమీ అనుకోరు అంది. ఆడా మగా కలిసి వెళ్ళే పబ్లిక్ సౌనాల్లో స్విమ్‌సూట్ ఉంటుంది, కొన్ని ఈతకొలనుల సౌనాల్లో మాత్రం స్విమ్‌సూట్‌తో రానివ్వరు, కాబట్టి అక్కడి పద్ధతి ముందే కనుక్కోండి.

గుండె జబ్బు ఉన్నా, బీపీ మాత్రలు వాడుతున్నా, కడుపుతో ఉన్నా డాక్టర్ని అడిగాకే. జ్వరం వచ్చినప్పుడు, మద్యం తాగినప్పుడు అసలు వద్దు. నేను మధ్యాహ్నం తేలిగ్గా తిని, నీళ్ళు బాగా తాగి వెళ్ళాను.

ఇక మనవాళ్ళు తప్పక గుర్తుంచుకోవాల్సింది నగల సంగతి. నల్లపూసలు తీయడానికి నాకు మనసొప్పలేదు, కానీ 80 డిగ్రీల గదిలో కాగిన బంగారం ఒంటికి తగిలితే చుర్రుమంటుంది, అందుకే గాజులు, కమ్మలతో పాటు పర్సులో పెట్టి జిప్పు వేశాను. కళ్ళజోడు కూడా బయటే.

ముందు షవర్ చేసి, కూర్చోవడానికి ఇంకో చిన్న తువ్వాలు తీసుకుని లోపలికి వెళ్ళాం. చెక్క మెట్లు, మూలన కట్టెలపొయ్యి, దాని మీద నల్లరాళ్ళు. వేడి పైకి చేరుతుంది కదా, కొత్తవాళ్ళకి కింది మెట్టే నయం. ఆవిడ అందర్నీ అడిగి రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోసింది. ఈ ఆవిరినే వాళ్ళు లోయ్లు అంటారు. క్షణం ఏమీ తెలియదు, తర్వాత చెవులు, ముక్కు కొసలు భగ్గుమంటాయి, తల కొంచెం వంచుకుని నోటితో మెల్లగా ఊపిరి తీసుకుంటే సర్దుకుంటుంది. బర్చ్ అనే చెట్టు ఆకుల కొమ్మల కట్టతో భుజాల మీద కొట్టుకుంటారు, నొప్పి ఉండదు, పచ్చి ఆకు వాసన మాత్రం భలే ఉంటుంది.

గుండె దడగా అనిపించగానే లేచి వచ్చేశాను, ఎవరూ ఎందుకని అడగలేదు. ఇక్కడ హెయినొలా అనే ఊళ్ళో, సౌనాలో ఎవరు ఎక్కువసేపు కూర్చుంటారని ప్రపంచ పోటీలే పెట్టేవారు, 2010 ఫైనల్లో ఒకాయన చనిపోయాక ఆపేశారు. పంతానికి కూర్చునే చోటు కాదిది. తల తిరిగినా, వికారంగా ఉన్నా వెంటనే బయటికి రావాలి, అదీ మెల్లగా లేచి.

తర్వాత సరస్సు. వేసవిలో కూడా నీళ్ళు చల్లగానే ఉంటాయి, ఒక్కసారిగా దూకితే ఊపిరి బిగుసుకుపోతుంది. నిచ్చెన పట్టుకుని నడుము దాకా దిగి, ముఖం తడుపుకుని పైకి వచ్చేశాను. ఈత వచ్చినా సరే ఒంటరిగా దిగకండి, చెక్క వంతెన కూడా తడిసి జారుతుంటుంది. మళ్ళీ లోపలికి, మళ్ళీ బయటికి, ఎవరి ఓపిక వారిది.

చివర్లో అరుగు మీద వాళ్ళు కాల్చిన సాసేజ్ తిన్నారు, నేను తీసుకెళ్ళిన చేగోడీలు కూడా వాళ్ళే ఖాళీ చేశారు. నేను నీళ్ళు తాగుతూ కూర్చున్నాను. స్నానం అయిపోయాక కూడా చాలాసేపు చెమట పడుతూనే ఉంటుంది, అది ఆగేదాకా బట్టలు వేసుకోకండి, లేకపోతే అవీ తడిసి ముద్దవుతాయి.