రెండో పక్షి బరువు

ద్వా సుపర్ణా సయుజా సఖాయా
సమానం వృక్షం పరిషస్వజాతే ।
తయోరన్యః పిప్పలం స్వాద్వత్తి
అనశ్నన్నన్యో అభిచాకశీతి ॥

ముండకోపనిషత్తులో మూడో ముండకం ఈ మంత్రంతోనే మొదలవుతుంది. ఋగ్వేదం మొదటి మండలం 164వ సూక్తంలోనూ, శ్వేతాశ్వతరోపనిషత్తులోనూ ఇది కనిపిస్తుంది. ఎప్పుడూ కలిసే ఉండే రెండు పక్షులు ఒకే చెట్టును ఆశ్రయించుకుని ఉన్నాయి. ఒకటి పండును రుచి చూస్తూ తింటోంది. రెండోది తినదు, చూస్తూ ఉంటుంది, అంతే. చెట్టు శరీరమనీ, తినే పక్షి జీవుడనీ, చూసే పక్షి ఈశ్వరుడనీ, పండు కర్మఫలమనీ ప్రవచనాల్లో వింటూనే ఉంటాం.

విన్నాక చాలామంది మనసులో ఒక సందేహం మిగిలిపోతుంది, పైకి అడగరు గానీ. తినదు, పలకదు, అడ్డుపడదు. అలాంటి పక్షి ఉంటే ఎంత, లేకపోతే ఎంత? అది ఉందని తెలిసేదెలా?

ఈ ప్రశ్న పట్టుకుని కూర్చున్నప్పుడు నాకు ఆసరాగా నిలిచింది ఒక జంట నక్షత్రం. ఉపనిషత్తులో ఖగోళశాస్త్రం దాగి ఉందని చెప్పబోతున్నానని అనుకోకండి. అలాంటి వాదనలతో ఉపనిషత్తుకు పెరిగే గౌరవం ఏమీ లేదు. ధ్యానానికి ఒక దృష్టాంతం కావాలి, అంతవరకే.

మృగశిర దగ్గర ఒకే వరుసలో మూడు చుక్కలు కనిపిస్తాయి. ఆ గీతను కిందికి పొడిగిస్తే తళతళలాడే ఒక తెల్లని చుక్క తగులుతుంది. అదే సిరియస్, మన జ్యోతిష గ్రంథాల్లోని మృగవ్యాధ నక్షత్రం. రాత్రి ఆకాశంలోని నక్షత్రాలన్నింటిలోకీ ప్రకాశవంతమైనది ఇదే. మనకు 8.6 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. కంటికి కనిపించేది ఒక్కటే చుక్క.

నక్షత్రాలు స్థిరంగా ఉన్నట్టు తోస్తాయి గానీ ఆకాశంలో ఏటేటా రవ్వంత జరుగుతూనే ఉంటాయి. ఒంటరి నక్షత్రమైతే ఆ జరగడం సూటిగా ఉండాలి. జర్మన్ ఖగోళవేత్త ఫ్రెడ్రిక్ బెస్సెల్ ఏళ్ల తరబడి నమోదైన సిరియస్ స్థానాలను వరుసగా పెట్టి చూస్తే దారి సూటిగా లేదు. కాస్త ఇటు, కాస్త అటు, అలలా ఊగుతూ పోతోంది. దాని పక్కన ఏమీ కనిపించడం లేదు. అయినా 1844లో ఆయన తేల్చి చెప్పాడు: సిరియస్‌కు కనబడని తోడు ఉంది, ఆ తోడే దీన్ని లాగుతోంది. మన తర్కశాస్త్రం భాషలో ఇది శుద్ధమైన అనుమాన ప్రమాణం, అంటే కనిపించే గుర్తును బట్టి కనిపించనిదాన్ని నిర్ధారించడం. ప్రత్యక్షం కావడానికి ఇంకా 18 ఏళ్లు పట్టింది. 1862 జనవరిలో అమెరికాలో దూరదర్శినులు తయారుచేసే కుటుంబానికి చెందిన ఆల్వన్ గ్రాహమ్ క్లార్క్, తాము కొత్తగా సానపట్టిన పద్దెనిమిదిన్నర అంగుళాల కటకాన్ని పరీక్షించడానికి సిరియస్ వైపు తిప్పాడు. ఆ వెలుగు అంచున ఒక చిన్న చుక్క ఉంది. బెస్సెల్ 1846లోనే కన్నుమూశాడు. తాను ఉందన్న దాన్ని ఆయన చూడలేదు.

అంతకాలం ఎందుకు దొరకలేదంటే, పెద్ద చుక్క తోడు కంటే సుమారు పదివేల రెట్లు ప్రకాశవంతం. దాన్ని దాచింది చీకటి కాదు, పక్కనున్న వెలుగే. మన సంగతీ ఇంతే అనిపిస్తుంది. సాక్షి కనబడకపోవడానికి కారణం అతడు దూరంగా ఉండటం కాదు. పండు రుచి, ఆ రుచి చుట్టూ మనం చేసే హడావిడి కళ్లు చెదరగొడుతున్నాయి. పండు చేదైనా అంతే. దుఃఖంలో ఉన్నవాడికి దుఃఖం తప్ప మరొకటి కనిపించదు.

ఇక ఆ చిన్న చుక్క బరువు. భూమికన్నా కొంచెం చిన్న గోళం, అందులో సూర్యుడంత పదార్థం! దాన్ని శ్వేత కుబ్జం అంటారు. చెంచాడు తీసుకుంటే టన్నుల్లో తూగుతుంది. పెద్ద తార బరువు సూర్యుడికి రెండింతలు. అంటే వెలుగులో పదివేల రెట్ల తేడా ఉన్న ఈ రెండింటికీ బరువులో తేడా రెండింతలే. వెలుగును బట్టి బరువును అంచనా వేస్తే ఘోరంగా బోల్తా పడతాం. ఈ రెండూ సుమారు 50 ఏళ్లకోసారి ఒక చుట్టు పూర్తి చేస్తాయి. చిన్నది పెద్దదాని చుట్టూ తిరుగుతుందనుకుంటాం గానీ, అసలు రెండూ తమ మధ్యనున్న ఒక ఉమ్మడి బిందువు చుట్టూ తిరుగుతాయి. ఆ బిందువు దగ్గర ఏ నక్షత్రమూ లేదు, అక్కడ ఉన్నది ఖాళీ జాగానే. బరువైనది దానికి దగ్గరగా, తేలికైనది దూరంగా తిరుగుతాయి. నక్షత్రాలను నేరుగా తూచడానికి ఖగోళవేత్తలకు దొరికిన గట్టి ఆధారం ఇలాంటి జంటలే. ఒంటరి తారను తూచడం చాలా కష్టం. తోడున్నదాన్ని, ఆ తోడు ఎలా లాగుతోందో చూసి తూస్తారు.

ముండక భాష్యంలో శంకరులు సరిగ్గా మన సందేహం దగ్గరే ఒక మాట అంటారు. రెండో పక్షి కేవలం చూస్తుంది, ఆ చూడటమే దాని ప్రేరణ, రాజులాగా అని. రాజు సభలో ఉన్నాడంటే చాలు, ఎవరి పని వాళ్లు చేసుకుపోతారు. ఆయన లేచి చేయనక్కర్లేదు. కాబట్టి ఊరికే ఉండటం వేరు, ప్రభావం లేకపోవడం వేరు.

మరి ఆ ప్రభావాన్ని ఎక్కడ వెతకాలి? బెస్సెల్ వెతికిన చోటే, అంటే మన దారి వంకరలో. ఎదుటివాడికి తగిలేలా ఒక మాట నోటిదాకా వస్తుంది. గెలుపు మనదే, ఆపేవాళ్లు ఎవరూ లేరు. అయినా నాలుక చివర అది ఆగిపోతుంది. భయం వల్ల కాదు, లాభం లెక్క వేసుకునీ కాదు. అలా మాట ఆగిపోవడం అప్పుడప్పుడూ ప్రతివాళ్లకూ ఎదురవుతుంది. ఒక్కదాన్ని చూస్తే కాకతాళీయం అనిపిస్తుంది. కొన్నేళ్ల జీవితాన్ని వరుసగా పేర్చి చూసుకుంటే గానీ అల కనబడదు. నిత్యపూజలో చివర కాసేపు కళ్లు మూసుకుని కూర్చోవడం ఈ పేర్చి చూసుకోవడానికే అని నా నమ్మకం.

దృష్టాంతాన్ని తెగేదాకా లాగకూడదు. నక్షత్రాల జంటలో లాగేది కూడా కదులుతుంది, ఈశ్వరుడు కదలడు. ఇంకో చిక్కూ ఉంది. ఇప్పుడు అణగి ఉన్న ఆ శ్వేత కుబ్జమే ఒకప్పుడు ఇద్దరిలో పెద్దది. తన ఇంధనాన్ని రెండోదానికంటే త్వరగా తినేసి, ఉబ్బి, పై పొరలు రాల్చుకుని ఇలా మిగిలింది. అంటే అదీ తిన్న పక్షే! సాక్షి ఏనాడూ తినలేదు, తిని మానినవాడు కాదు. ఇక్కడ నక్షత్రాన్ని వదిలేసి మంత్రాన్నే పట్టుకోవాలి.

ఈ మంత్రాన్ని ఒక్కదాన్నే జపించేవారు తర్వాతి మంత్రాన్ని కూడా కలుపుకుంటే మంచిది. అదే చెట్టు మీద మునిగిపోయి, తన అశక్తత వల్ల మోహంలో పడి ఏడుస్తున్న పక్షి, ‘జుష్టం యదా పశ్యత్యన్యమీశమ్’, పక్కనున్న ఈశుణ్ణి ఎప్పుడు చూస్తుందో అప్పుడు దాని శోకం పోతుందంటుంది అది. చెట్టు మారమని చెప్పలేదు. ముందు పండును పారేసి రమ్మనీ చెప్పలేదు.