బళ్ళారిలో రాఘవ కోసం

నాటకాల బళ్ళారి రాఘవ పేరెత్తితే మా తాత మొహం మాడ్చుకునేవాడు. తాత హార్మోనియం ముందు కూర్చున్నాడంటే ఒక్క పద్యానికి పావుగంట రాగం తీసే మనిషి. "పద్యాన్ని మాటల్లా చెప్పేవాడు నటుడేందిరా, ప్లీడరు!" అనేవాడు. రాఘవ నాకు ఆ తిట్టుతోనే పరిచయం.

మొన్న గుంతకల్లులో పని మధ్యాహ్నానికే తెమిలిపోయింది. పొద్దున తిన్న ఉగ్గాని ఇంకా అరగలేదు, అయినా బళ్ళారి రైలెక్కేశాను. యాభై కిలోమీటర్లు. హగరి నది దగ్గర వంతెన కింద చూస్తే నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ. బళ్ళారి స్టేషన్ బయట బండి మీద మళ్ళీ అవే నానబెట్టిన బొరుగులు, అదే పసుపు తాలింపు. పేరే మారింది, ఒగ్గరణె. పక్కన మిరపకాయ బజ్జీ మాత్రం తప్పదు. కన్నడంలో తంటాలు పడుతుంటే బండి ఆమె నవ్వి, "తెలుగులోనే అడుగన్నా" అంది. 1953లో ఈ ఊరు మైసూరు రాష్ట్రంలో కలిసింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం మనకొచ్చాయి. బొరుగులకి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

ఆటో అతనికి రాఘవ కళామందిరం తెలుసు. రాఘవ ఎవరని అడిగితే, "డ్రామా యాక్టర్ సార్" అని ఊరుకున్నాడు. తీరా వెళ్తే ఆ రోజు ప్రోగ్రాం లేదు. ముందు కనుక్కోకుండా రావడం నా తెలివి. గేటు బయట కాసేపు నిలబడ్డాను.

1880లో తాడిపత్రిలో పుట్టిన రాఘవాచార్యులు ఇక్కడ పేరున్న క్రిమినల్ లాయరు. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు, ఆయనకి పోటీగా నిలిచిన కోలాచలం శ్రీనివాసరావు, ఇద్దరూ నాటకకర్తలే, ఇద్దరూ వకీళ్ళే. నాటక సమాజాలూ వేరువేరు, ధర్మవరం వారిది సరసవినోదిని సభ, కోలాచలం వారిది సుమనోరమ. మేనల్లుడికి గొప్ప పేరు తెచ్చిన పఠాన్ రుస్తుం వేషం మాత్రం కోలాచలం వారి నాటకంలోది! ఇంట్లో ఏమన్నారో గానీ.

సినిమా ఆయనకి అంతగా అచ్చిరాలేదు. 1936లో 'ద్రౌపదీ మానసంరక్షణం'లో దుర్యోధనుడు వేస్తే, అదే ఏడు అదే కథతో వచ్చిన 'ద్రౌపదీ వస్త్రాపహరణం' ముందు అది నిలవలేదు. 'రైతుబిడ్డ' (1939), 'చండిక' (1940) తర్వాత ఆరేళ్ళకే పోయారు. ఆడవేషాలు ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి లాంటివాళ్ళతో కలిసి స్టేజీ ఎక్కడం నా లెక్కలో ఈ మూడు సినిమాలకన్నా పెద్ద పని.

తిరుగు రైలుకి టైముంది కదా అని కోర్టు వైపు నడిచాను. టీకొట్టు దగ్గర ఒక పెద్ద వకీలు, చేతిమీద నల్లకోటు వేలాడుతోంది. ఎదురుగా పంచెకట్టు ఆసామి. వకీలు గొంతు పెంచడు. కన్నడంలో మొదలెట్టి తెలుగులోకి వచ్చాడు. "వాయిదా..." అని ఆపి, టీ గ్లాసు బల్లమీద పెట్టి, ఆసామి కళ్ళలోకి చూశాడు. ఆసామి గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాతి మాట నాకు వినపడనే లేదు, ఆసామి మాత్రం తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

చూస్తూ నిలబడి రైలు తప్పించుకునేవాణ్ణే. తాత ఉండుంటే ఈయన్నీ తిట్టేవాడు.