ఐదు రోజుల్లో పేరు: ఫ్రాన్స్‌లో మా పాప జననం నమోదు చేయించిన అనుభవం

ఫ్రాన్స్‌లో బిడ్డ పుట్టాక ఐదు రోజుల్లోపు, పుట్టిన ఊరి మెరీలో, అంటే మున్సిపల్ ఆఫీసులో, జననం నమోదు చేయించాలి. పుట్టిన రోజుని లెక్కలోకి తీసుకోరు. చివరి రోజు సెలవైతే మర్నాటి పనిదినం దాకా గడువుంటుంది. అది కూడా దాటితే కోర్టు నుంచి తీర్పు తెచ్చుకోవాల్సిందే. ముందు నమోదు చేయండి, పేరు తర్వాత చెబుతాం అంటే కుదరదు. మనకేమో పదకొండో రోజునో ఇరవై ఒకటో రోజునో బారసాల. పైగా మా ఇంట్లో నక్షత్రం చూడకుండా పేరు పెట్టరు. ఆ నక్షత్రం బిడ్డ పుడితే గానీ తెలియదు. కడుపుతో ఉన్నప్పటి నుంచీ మా ఆవిడ టెన్షనంతా దీని గురించే.

మేం ఉండేది టులూజ్‌లో. విమానాల తయారీ ఊరు కాబట్టి తెలుగువాళ్లు బాగానే కనిపిస్తారు. పిల్లలకి మన పేర్లే పెట్టుకున్నవాళ్లు చాలామంది. ఆ పేర్లు ఇక్కడివాళ్ల నోట్లో పడితే ఎలా మారతాయో కూడా వింటూనే ఉన్నాం. ఫ్రెంచివాళ్లు హెచ్ పలకరు, కాబట్టి హరిణి అరిణి అయిపోతుంది. సీ, హెచ్ కలిసి వస్తే ష అంటారు, కాబట్టి చైత్ర షైత్ర అవుతుంది. మా పాప ఇక్కడే బడికి వెళ్లబోతోంది. అందుకే ఒక ఫ్రెంచి పేరు, ఒక తెలుగు పేరు ఉండాలని ఇద్దరం ముందే అనుకున్నాం.

ఇక ఫ్రెంచి పేర్ల వేట. వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, వీళ్ల పేర్లు ఒక్క చోట పుట్టినవి కావని. గాబ్రియేల్, రఫాయేల్ హీబ్రూ నుంచి బైబిల్ దారిలో వచ్చాయి. రఫాయేల్ అంటే దేవుడు నయం చేశాడని. లూయీ, దాని ఆడరూపం లూయీజ్ ఒకప్పటి ఫ్రాంక్ తెగ భాష నుంచి వచ్చాయి. హ్లూద్ అంటే కీర్తి, విగ్ అంటే యుద్ధం. ఆ రెండు మాటల పేరే ఫ్రాంకులందరినీ ఏలిన తొలి రాజు విషయంలో క్లోవిస్ అయింది, తర్వాత లూయీ అయి పద్దెనిమిదో లూయీ దాకా నడిచింది, జర్మనీలో లూడ్విగ్ అయింది. పశ్చిమాన బ్రిటనీ ప్రాంతానికి వాళ్ల సొంత పేర్లున్నాయి. మాయెల్ అంటే దొర, నాయకుడు. లాటిన్ నుంచి వచ్చినవి నాకు బాగా నచ్చాయి: రెనే అంటే మళ్లీ పుట్టినవాడు, క్లేర్ అంటే వెలుగు, సిల్వీ అంటే అడవి. ఆఫీసులో సిల్వీ అని చెబితే, అది మా అమ్మ వయసు వాళ్ల పేరు అన్నారు. లూయీజ్, ఝాన్, రోజ్ లాంటి అమ్మమ్మల కాలం పేర్లు మాత్రం మళ్లీ ఫ్యాషన్‌లోకి వచ్చాయట. మన దగ్గర వేంకటలక్ష్మి పాతబడి వేద, సిరి వచ్చినట్టు ఇక్కడా తరానికో గాలి.

నా మనసు క్లోయే మీద పడింది. గ్రీకులో లేత పచ్చటి చిగురు అని అర్థం, పంటల దేవత దిమీతర్‌కి ఒక పేరు. కానీ ఆ స్పెల్లింగ్‌లో చివర వచ్చే ‘ఈ’ అనే అక్షరం మీద యాసెంట్ గీత ఉంటుంది. ఫ్రెంచి జనన పత్రంలో ఆ గీత ఉంటుంది, భారత పాస్‌పోర్టులో ఉండదు. రెండు దేశాల కాగితాల మధ్య పెరగబోయే పిల్లకి ఆ చిన్న తేడా కూడా ఎందుకని పక్కన పెట్టాం. అప్పటి నుంచి యాసెంట్లు లేని పేర్లే చూశాం.

ఇక్కడ పేర్ల చరిత్ర కూడా చదవాల్సిందే. 1803లో వచ్చిన చట్టం ప్రకారం క్యాలెండర్లలో ఉన్న పేర్లు, ప్రాచీన చరిత్రలోని ప్రముఖుల పేర్లు తప్ప ఇంకేవీ పెట్టకూడదు. బ్రెటన్ పేర్లు, అంటే బ్రిటనీ ప్రాంతపు పేర్లు, పెట్టుకున్న కుటుంబాలు ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. 1966లో కొంత సడలించారు. 1993 జనవరి 8 చట్టంతో తల్లిదండ్రులకి స్వేచ్ఛ వచ్చింది. ఇప్పుడు అధికారి పేరుని తిరస్కరించలేరు; బిడ్డకి హాని చేస్తుందనిపిస్తే ప్రాసిక్యూటర్‌కి తెలియజేస్తారు, చివరి మాట జడ్జిది. రొట్టె మీద పూసుకునే చాక్లెట్ పేస్టు నుటెల్లా పేరు పెట్టబోతే కోర్టు ఒప్పుకోని సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. మన పేర్లు రాయించుకోవడానికి ఈ రోజు ఎవరి అనుమతీ అక్కర్లేదంటే ఆ కుటుంబాల పోరాటం కూడా ఒక కారణం. నాకు వాళ్ల మీద నిజమైన గౌరవం ఉంది.

పాప పుట్టింది. మా అత్తగారు కాన్పు కోసం కాకినాడ నుంచి ముందే వచ్చి ఉన్నారు. ఆవిడే పంతులుగారికి వీడియో కాల్ చేసి టులూజ్ సమయం, ఊరు చెప్పారు. రోహిణి. ఓ, వా, వీ, వూ. మా జాబితాలో వీతో వియొలెట్ ఉంది. టులూజ్ వియొలెట్ పూలకి పేరున్న ఊరు, చక్కెర పట్టించిన ఆ పూలు కూడా అమ్ముతారు. నాకు ఆ పేరు ఇష్టమే. మా ఆవిడ మాత్రం జాబితాలో ఇంకో పేరు చూపించింది: ఓరోర్. స్పెల్లింగ్ ఏతో మొదలవుతుంది, పలికేది ఓతోనే. పంతులుగారు పలుకే ప్రధానం అన్నారు. లాటిన్ అరోరా, ఉదయపు దేవత. ఋగ్వేదంలోని ఉషస్సు, గ్రీకుల ఈఓస్, లాటిన్ అరోరా ఒకే మూలం నుంచి వచ్చాయని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. అత్తగారికి ఇది చెప్పగానే, “అయితే ఇంట్లో ఉష అని పిలుచుకుంటాను, అది కూడా రాయించండి బాబూ” అన్నారు. ఓరోర్ ఇక్కడ ఎనభైల్లో పుట్టినవాళ్లలో ఎక్కువగా కనిపించే పేరు, కాస్త పాతబడిందని స్నేహితులు అన్నారు. మేం పట్టించుకోలేదు.

మెరీకి నేనే వెళ్లాను. మంత్రసాని ఇచ్చిన జనన ధ్రువపత్రం, ఇద్దరి పాస్‌పోర్టులు, నివాస కార్డులు, చిరునామా రుజువు, గుర్తింపు పొందిన అనువాదకుడితో ఫ్రెంచిలోకి మార్పించిన పెళ్లి సర్టిఫికెట్ తీసుకెళ్లాను. అనువాదం కాన్పుకి చాలా ముందే చేయించి పెట్టుకోండి, ఐదు రోజుల్లో దాని వెంట తిరగలేరు.

కౌంటర్‌లో ఉన్నావిడ ఓపిగ్గా వివరించిన ఒక్క విషయం చాలా ముఖ్యం. రెండు పేర్ల మధ్య కామా పెడితే అవి రెండు వేరు వేరు పేర్లు. పెట్టకపోతే రెండూ కలిసి ఒకే జంట పేరు అవుతుంది, ప్రతి కాగితంలోనూ మొత్తం రాయాలి. పత్రంలో ఉన్న పేర్లలో దేన్నైనా వాడుక పేరుగా ఎంచుకునే హక్కు చట్టం ఇస్తుంది. ఫ్రెంచి నవలా రచయిత్రి జార్జ్ సాండ్ అసలు పేర్లలో మొదటిది అమాంతీన్, ఓరోర్ ఆ తర్వాత వచ్చేది. అందరూ పిలిచింది మాత్రం ఓరోర్ అనే. రేపు మా పాపకి ఉష అనే పిలిపించుకోవాలనిపిస్తే దారి తెరిచే ఉంది. అందుకే కామా పెట్టించాను.

ఉష స్పెల్లింగ్ దగ్గర కాసేపు ఆగాం. యుతో రాస్తే ఫ్రెంచివాళ్లు యూషా అన్నట్టు పలుకుతారు, ఓ, యు కలిపి రాస్తే సరిగ్గా పలుకుతారు గానీ ఇండియాలో ఔషా అంటారు. ఇంట్లో పిలిచే పేరు కాబట్టి మన పద్ధతిలోనే రాయించాను. సంతకానికి ముందు చిత్తుప్రతి చదవమని ఇస్తారు. ఇంటిపేరు, పుట్టిన ఊళ్లు, ప్రతి అక్షరం పాస్‌పోర్టుతో పోల్చి చూడండి. సంతకం అయ్యాక ఏ అక్షరం మార్చాలన్నా అది వేరే పని.

ఇరవై ఒకటో రోజున ఇంట్లోనే బారసాల చేశాం. పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో రెండు పేర్లూ రాశాను. అత్తగారు మొదటి పేరుని కష్టపడి సరిగ్గా పలికారు.

తర్వాత మిగిలింది మన దేశం వైపు పని. ఇద్దరూ విదేశీయులైతే ఫ్రాన్స్‌లో పుట్టినంత మాత్రాన పిల్లలకి వెంటనే ఫ్రెంచి పౌరసత్వం రాదు. పుట్టిన ఏడాదిలోపు భారత దౌత్య కార్యాలయంలో నమోదు చేయించాలి, బిడ్డకి వేరే దేశం పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి. జనన పత్రం పూర్తి నకళ్లు మెరీ ఉచితంగానే ఇస్తుంది, ఒకేసారి కొన్ని ఎక్కువ తీసుకోండి. దౌత్య కార్యాలయానికి ఇచ్చే అర్జీలో పేరు గడిలో రెండు పేర్లూ పత్రంలో ఉన్న వరుసలోనే రాయండి, ఇంటిపేరు విడిగా దాని గడిలో రాయండి. మేం అలాగే చేశాం, ఎక్కడా తిప్పి పంపలేదు.